కాలు తీసేయమనే ముందు కాలికి రక్తం వెళ్తోందో లేదో చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

డయాలసిస్ కేంద్రాల గురించి మీ పత్రికలో తరచూ వార్తలు వస్తుంటాయి. మా ఇంట్లో ఆ వార్తలు వదలకుండా చదువుతాం. కొత్త మిషన్లు వచ్చాయని, బెడ్లు పెరిగాయని, ఫలానా చోట ఆర్వో ప్లాంటు పాడై రోగులు అవస్థ పడ్డారని. అన్నీ రాయాల్సినవే. కానీ డయాలసిస్ రోగి కాళ్ల గురించి ఒక్క ముక్క చదివినట్టు నాకు గుర్తు లేదు. ఈ ఉత్తరం అందుకే. కొంచెం పొడుగైంది, కావాలంటే కత్తిరించుకోండి, కాలి బొటనవేలి బీపీ గురించి రాసిన పేరా మాత్రం ఉంచండి.

మాది పలాస వైపు. మా చిన్నాన్నకి ముందు షుగర్, తర్వాత బీపీ, ఆ తర్వాత కిడ్నీలు. వారానికి మూడుసార్లు డయాలసిస్, తోడు వెళ్లేది ఎక్కువగా నేనే. అక్కడ ఏం జరుగుతుందో చెప్తాను. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్తారు. బరువు చూస్తారు, బీపీ చూస్తారు, ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ధమనినీ సిరనీ కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతి మీద వేలు ఆనించి జుమ్మంటోందో లేదో చూస్తారు, సూదులు గుచ్చి లైన్లు కలుపుతారు. ఏసీ చలికి రోగి కాళ్ల మీదికి దుప్పటి లాక్కుంటాడు. నాలుగు గంటల తర్వాత మళ్లీ బీపీ, మళ్లీ బరువు, ఇంటికి. ఈ మధ్యలో ఆ దుప్పటి ఎత్తి పాదాలు చూసినవాళ్లు నాకు ఒక్కరూ కనపడలేదు. పాపం సిస్టర్లనీ టెక్నీషియన్లనీ అని లాభం లేదు, ఒక షిఫ్టు దించి ఇంకో షిఫ్టు ఎక్కించేసరికే వాళ్లకి ఊపిరాడదు. వాళ్లు నింపే షీట్‌లో పాదాలకి గడే లేదు. గడి లేని పని ఎవరు చేస్తారు చెప్పండి?

ఇంతకీ కిడ్నీకీ కాలికీ ఏం సంబంధం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, చదువుకున్నవాళ్లలో కూడా. కిడ్నీలు పాడైతే రక్తంలో ఫాస్ఫరస్ పెరుగుతుంది, కాల్షియం లెక్క తప్పుతుంది, ఆ కాల్షియం పోయి పోయి రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. బోరు నీళ్ల పైపుకి సున్నం పట్టినట్టే. అయితే పైపుకి లోపలి వైపు పడుతుంది, ఇక్కడ గోడ మందంలోనే గట్టిపడుతుంది, పైగా కొవ్వు పేరుకుని సన్నబడటం దానికి అదనం. షుగర్ కూడా తోడైతే మోకాలి కింద నుంచి పాదం దాకా ఉండే సన్న ధమనులు ఒకటొకటిగా మూసుకుపోతాయి. షుగర్ వల్ల పాదంలో స్పర్శ ఎలాగూ తగ్గి ఉంటుంది కాబట్టి నొప్పి తెలియదు. నడిస్తే పిక్క పట్టేస్తుందని మామూలు రోగి చెప్పే మొదటి లక్షణం వీళ్లలో చాలామందికి ఉండనే ఉండదు, ఎందుకంటే అంత దూరం నడిచే ఓపికే వాళ్లకి లేదు. డయాలసిస్‌లో ఎక్కువ నీరు లాగినప్పుడు బీపీ పడిపోతే, అంతంత మాత్రంగా అందుతున్న రక్తం కూడా ఆ కాసేపూ కాలి కొసకి చేరదు. మిషన్ మీద ఉండగా పాదం చల్లబడి మంట పుడుతోందంటే అది ప్రతిసారీ మామూలు తిమ్మిరి కాదు. అడిగి చూడాలి.

మా జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం గురించి ఒక మాట. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీలు పోయినవాళ్లలో చాలామందికి షుగర్ లేదు, ఆ జబ్బు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. దాంతో మాకు కాళ్ల బాధ రాదులే అని ఒక ధీమా ఉంది. షుగర్ ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ, నిజమే. కానీ ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి షుగర్ లేకపోయినా రక్తనాళాలు గట్టిపడతాయి. దానికి తోడు మా వైపు చుట్టలు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటున్న ముసలమ్మలు ఇంకా ఉన్నారు. నోటి క్యాన్సర్ వస్తుందని వాళ్లకి డాక్టర్లు చెప్తారు. పొగాకు కాలి రక్తనాళాలని కూడా మూసేస్తుందని చెప్పడం నేను వినలేదు.

చిన్నాన్న విషయానికొస్తే, ఎడమ కాలి రెండో వేలికి చెప్పు ఒరుసుకుని పుండయింది. డ్రెస్సింగులు చేయించాం, యాంటీబయాటిక్స్ వాడాం, మానలేదు, వేలు నల్లబడింది. మేం వెళ్లిన ఆస్పత్రిలో, పేరు రాయను, మోకాలి కింద నుంచి తీసేయాలన్నారు. "డయాలసిస్ పేషెంటు కదమ్మా, వేలు తీస్తే పుండు మానదు, మళ్లీ పాదం, మళ్లీ ఇంకాస్త పైకి, అన్నిసార్లు ఎందుకు, ఒకేసారి పోతుంది" అన్నారు. కాలికి రక్తం సరిగ్గా అందుతోందా అని అడిగితే రిపోర్టు చూపించారు. చీలమండ దగ్గర బీపీ చూసి చేతి బీపీతో పోల్చిన పరీక్ష. 1.1 అని వచ్చింది, పక్కన నార్మల్ అని ప్రింటయి ఉంది. ఆ నార్మల్ అనే మాట ఒకవైపు, నల్లగా ఎండిన వేలు ఒకవైపు. ఆ డాక్టర్‌కి ఆ రెండిటికీ పొంతన లేదని అనిపించలేదు మరి.

ఇదే నేను ఉంచమన్న పేరా. ఆ పరీక్షలో చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తారు. 0.9 కంటే తక్కువ వస్తే కాలికి రక్తం తగ్గిందని అర్థం, 1.4 దాటితే ధమని గట్టిపడి కఫ్‌కి, అంటే బీపీ చూసే గాలి పట్టీకి, లొంగడం లేదని అర్థం. చిక్కంతా మధ్యలో ఉంది. డయాలసిస్ రోగికి ధమని సన్నబడి ఉంటుంది, గట్టిపడి కూడా ఉంటుంది. గట్టిదాన్ని కఫ్ నొక్కలేదు కాబట్టి లోపల లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. తక్కువ రావాల్సిన అంకె పెరిగి సరిగ్గా నార్మల్ దగ్గర వచ్చి కూర్చుంటుంది. అందుకే కిడ్నీ రోగుల్లో, పాత షుగర్ రోగుల్లో ఈ అంకె ఒక్కదాన్నే నమ్మకూడదు. కాలి వేళ్లలోని సన్న నాళాలు సాధారణంగా అంతగా గట్టిపడవు కాబట్టి బొటనవేలికి చిన్న కఫ్ వేసి బీపీ చూస్తారు. అది 30 కంటే తక్కువుంటే, రక్తం తెప్పించకుండా ఆ పుండు మానుతుందనుకోవడం కష్టం. దీంతోపాటు డాప్లర్ స్కాన్ (నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే అల్ట్రాసౌండ్) తీస్తే ఎక్కడ ఆగిందో చాలావరకు తెలుస్తుంది. సూది లేదు, కోత లేదు, మందు ఎక్కించే పని లేదు. కాలు తీసేయాలని ఎవరన్నా చెప్తే సంతకం పెట్టేముందు "బొటనవేలి బీపీ ఎంతుంది సార్" అని అడగండి. అడిగినందుకు కసురుకుంటే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మేం వెళ్లాం. అక్కడి వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల సర్జన్, బొటనవేలికి కఫ్ వేస్తే 20లలో వచ్చింది. తర్వాత యాంజియోగ్రామ్ తీశారు, అంటే నాళాల్లోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూడటం. ఇక్కడ ఇంకో భయం ఉంటుంది, ఆ రంగు మందు కిడ్నీలని పాడుచేస్తుందని. ఇంకా డయాలసిస్ దాకా రాని నాలుగో దశ, అయిదో దశ కిడ్నీ రోగుల్లో అది నిజంగా ఆలోచించాల్సిన విషయమే, వాళ్లకి రంగు మందు బాగా తగ్గించి వాడతారు, కొన్నిచోట్ల దాని బదులు కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో కూడా తీస్తారు. డయాలసిస్‌లో ఉండి మూత్రం పూర్తిగా ఆగిపోయినవాళ్లకి ఆ భయం చాలావరకు లేదు. మూత్రం కొంచెం వస్తున్నవాళ్లు ముందే ఆ మాట చెప్పాలి, ఆ కొంచెం కూడా విలువైనదే. కిడ్నీ పేషెంటు కదా యాంజియోగ్రామ్ వద్దు అని ఒక్క ముక్కలో తేల్చేసి నేరుగా రంపం దగ్గరికి వెళ్లడం మాత్రం న్యాయం కాదు.

బైపాస్ అనగానే అందరూ గుండె అనుకుంటారు. కాలికి కూడా ఉంది, ఈ మధ్య వచ్చింది కాదు. సొంత కాలి సిరతోనే ఫ్రాన్స్‌లో కున్లిన్ అనే సర్జన్ 1948లో చేశాడు. గజ్జలోనో మోకాలి వెనకో బాగున్న ధమని దగ్గర మొదలుపెట్టి, మూసుకుపోయిన భాగాన్ని దాటించి, చీలమండ దగ్గరో పాదం మీదో మిగిలిన సన్న ధమనికి ఆ సిరని కుడతారు. చిన్నాన్నకి మోకాలి వెనక నుంచి పాదం పైదాకా అలాగే వేశారు. ఆ ధమని ఎంత గట్టిగా ఉందంటే కుట్టు సూది దిగడానికే కష్టమైందని తర్వాత సర్జన్ చెప్పారు. డయాలసిస్ చేయించిన మర్నాడు ఆపరేషన్ పెట్టుకున్నారు, ఒంట్లో నీరు, పొటాషియం అదుపులో ఉంటాయని. వేలు పోయింది. పాదం మిగిలింది. పుండు మానడానికి నెలలు పట్టింది, మధ్యలో తొడ మీద సిర తీసిన కోత చీము పట్టి ఆ బాధ వేరే. ఇప్పుడు కర్ర పట్టుకుని డయాలసిస్‌కి తన కాళ్ల మీదే నడిచి వస్తాడు. నలుగురు మోసి ఆటో ఎక్కించే పరిస్థితికీ దీనికీ ఉన్న తేడా వారానికి మూడుసార్లు ఆ పని చేసేవాళ్లకే తెలుస్తుంది.

ఇది చదివి అందరికీ బైపాస్ చేయించాలని నేనంటున్నాననుకోకండి. పక్క బెడ్డులో ఉండే ఒకావిడకి మడమ పుండు. ఆమెకీ బైపాస్ వేశారు, గొట్టం బాగానే పారుతోందని స్కాన్‌లో కనిపిస్తోంది, అయినా మడమ మానలేదు, చివరికి కాలు తీయాల్సి వచ్చింది. కిడ్నీ రోగుల్లో ఇలా జరుగుతుందని సర్జన్లకి తెలుసు. పెద్ద ధమని దాకా రక్తం తీసుకెళ్లినా అక్కడి నుంచి చర్మం దాకా తీసుకెళ్లే సన్న నాళాలు మిగలకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు. మడమ ఎముక దాకా కుళ్లినవాళ్లకి, గుండె బాగా బలహీనంగా ఉన్నవాళ్లకి, ఆపరేషన్‌కి ముందే మంచం పట్టి ఇక నడవలేనివాళ్లకి పెద్ద ఆపరేషన్ వల్ల ఒరిగేది తక్కువ. అలాంటివాళ్లకి ఒకేసారి కాలు తీయడమో, నొప్పి తగ్గించి పుండు శుభ్రంగా ఉంచడమో మంచిదని డాక్టర్ చెప్తే వినాలి. నా గొడవ ఆ నిర్ణయం మీద కాదు, పరీక్ష చేయకుండా నిర్ణయం చేయడం మీద.

ఎందుకింత పట్టుదల అంటే, కాలు తీసేస్తే పీడా పోతుందని మన జనంలో ఒక నమ్మకం ఉంది. ఆపరేషన్ చేసేవాళ్లలోనూ ఉంది. అమెరికాలో 1990లలో మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) లెక్కలు చూస్తే, డయాలసిస్ దశకి వచ్చిన షుగర్ రోగులు కాలో వేలో పోగొట్టుకోవడం మామూలు షుగర్ రోగుల కంటే పది రెట్లు ఎక్కువ. మొదటిసారి అలా పోగొట్టుకున్న కిడ్నీ రోగుల్లో దాదాపు మూడింట రెండొంతులమంది రెండేళ్లలోపే చనిపోయారు. కాలు తీయడం వల్లే చనిపోయారని కాదు, అప్పటికే గుండె, మెదడు నాళాలు కూడా అలాగే ఉంటాయి కాబట్టి. కానీ కాలు తీస్తే ఆ మనిషి గట్టెక్కినట్టేమీ కాదని మాత్రం అర్థమవుతుంది కదా.

మూసుకున్న నాళాన్ని లోపలి నుంచి బెలూన్‌తో తెరవడమా, బైపాసా అన్న తగవు ఇంకా నడుస్తోంది. అమెరికాలో మొదలైన బెస్ట్-సీఎల్ఐ అనే పెద్ద అధ్యయనం 1,830 మందితో 2022లో వచ్చింది. మంచి సిర ఉన్నవాళ్లకి బైపాసే మేలని అందులో తేలింది. మరుసటి ఏడాది 2023లో బ్రిటన్ నుంచి బాసిల్-2 వచ్చింది, 345 మంది, మోకాలి కింద జబ్బు ఉన్నవాళ్లు. అందులో ముందు బెలూన్ చేయించుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. రెండిటిలోనూ డయాలసిస్ వాళ్లు తక్కువే, కాబట్టి ఏ ఒక్కదాన్నీ పట్టుకుని మా చిన్నాన్న లాంటివాళ్లకి ఇదే సరి అని చెప్పడానికి లేదు. 2019లో వాస్క్యులర్ సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకా సూటిగా ఉన్నాయి. ముందు మనిషి తట్టుకోగలడా చూడు, తర్వాత కాలు ఎంత పాడైందో చూడు, ఆ తర్వాత నాళాలు ఎక్కడెక్కడ మూసుకున్నాయో చూడు, అప్పుడు తేల్చుకో అని. మన దగ్గర మొదటి అడుగులోనే "డయాలసిస్ పేషెంటు" అని విని మిగతా రెండూ చూడటం మానేస్తున్నారు.

అన్నట్టు, కాలి సిర గురించి ఒక జాగ్రత్త. ఫిస్టులా చేతికి బీపీ చూడొద్దని, రక్తం తీయొద్దని ప్రతి డయాలసిస్ రోగికీ కంఠతా వచ్చు. కాలి లోపలి వైపు పొడుగ్గా వెళ్లే సిరని కూడా అంత పదిలంగా చూసుకోవాలి. చెయ్యి దొరకలేదని చీలమండ దగ్గర సెలైన్ సూది గుచ్చి ఆ సిరని పాడుచేయకూడదు. గుండె బైపాస్ అయినవాళ్లలో చాలామందికి దాన్ని అప్పటికే ఒక కాలి నుంచి తీసేసి ఉంటారు, ఆ సంగతి సర్జన్‌కి ముందే చెప్పాలి.

ఇంకో జాగ్రత్త చెప్తే కొందరికి కోపం రావచ్చు. ప్రతి ఏడూ మాల వేసుకుని 41 రోజులు చెప్పుల్లేకుండా తిరిగే షుగర్ రోగులు, కిడ్నీ రోగులు మా చుట్టుపక్కల ఉన్నారు. రాయి గుచ్చుకున్నా తెలియని పాదంతో. దీక్ష మానమని చెప్పే పెద్దదాన్ని కాదు, గురుస్వాములే కాస్త చొరవ తీసుకుని అలాంటివాళ్లని చెప్పులు వేసుకోమంటే బాగుంటుంది. వాళ్లు చెప్తే వింటారు, డాక్టర్ చెప్తే వినరు.

ఇక ప్రభుత్వాలని అడిగేది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది, డయాలసిస్ రోగికి ఆంధ్రాలో నెలకి 10 వేలు పింఛను ఇస్తున్నారు, డయాలసిస్ ఉచితం. కాదనను. కానీ కాలికి రక్తం ఆగిందంటే మేం విశాఖో హైదరాబాదో పోవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో వాస్క్యులర్ సర్జరీకి ప్రత్యేక విభాగం ఉంది, అక్కడి వరకు ఎంతమంది పోగలరు? పోయినా అక్కడ ఉన్నన్నాళ్లూ డయాలసిస్ ఎక్కడ చేయించాలి, ఇక్కడి స్లాటు ఉంటుందా పోతుందా, అదొక టెన్షన్. ఈ తిరుగుడు పడలేక కాలు తీసెయ్యండి అని ఇంట్లోవాళ్లే చెప్పేసిన కుటుంబాలు నాకు తెలుసు. ఫిస్టులాల కోసం పెద్ద ఆస్పత్రుల్లో వాస్క్యులర్ యాక్సెస్ సెంటర్లు పెడతామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. మంచి ఆలోచన. అదే సెంటర్లో అదే సర్జన్, అదే డాప్లర్ మిషన్ ఉంటాయి కదా, చెయ్యి చూసే చోటే కాలు కూడా చూడొచ్చు. ఆంధ్రాలో కూడా అలాంటివి రెండు మూడు జిల్లాలకి ఒకటైనా పెట్టొచ్చు, ముందు ఉద్దానంతో మొదలుపెట్టొచ్చు.

అంతవరకూ డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది. ప్రతి డయాలసిస్ కేంద్రంలో నెలకోసారి, ప్రతి రోగికీ, మిషన్ మీద ఉండగానే రెండు పాదాలూ చూడాలి. వేళ్ల సందుల్లో, మడమ వెనక, గోళ్ల చివర. పాదం మీద, చీలమండ వెనక నాడి తగులుతోందా చూడాలి. పుండు కనపడితే ఆ వారంలోనే పంపాలి. నాలుగు గంటలు కదలకుండా పడుకున్న మనిషి పాదాలు చూడటానికి అయిదు నిమిషాలు చాలు. కేంద్రాలు నడిపే కంపెనీలతో ప్రభుత్వం రాసుకునే ఒప్పందంలో ఈ ఒక్క వాక్యం చేరిస్తే, షీట్‌లో గడి దానంతటదే వస్తుంది.

మీ విలేకరులు ఈసారి డయాలసిస్ కేంద్రానికి వెళ్లినప్పుడు మిషన్లు ఎన్ని పనిచేస్తున్నాయని ఎలాగూ అడుగుతారు. దానితోపాటు పోయిన నెల ఎంతమంది పాదాలు చూశారు, ఎక్కడ రాశారు అని కూడా అడగండి. రిజిస్టర్ ఉంటే ఫొటో వేయండి, మిగతా కేంద్రాలవాళ్లు చూస్తారు. లేకపోతే లేదని వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
శ్రీకాకుళం జిల్లా